తొంభై నిమిషాల హెడ్ క్లర్కు

సర్కారు ఉద్యోగిని గోడకి కట్టేయాలి.

పాఠకులు కంగారుపడి పోలీసులకి కబురు పెట్టనక్కర్లేదు. ఇది కోపంతో అంటున్న మాట కాదు, అచ్చంగా ఆరోగ్యం కోరి ఇస్తున్న సలహా. వారానికి ఒక్కసారి, తొంభై నిమిషాల సేపు, మంచి ఎర్తు ఉన్న త్రీపిన్ ప్లగ్గుకి రెండు గజాల వైరుతో కట్టి కూర్చోబెడితే చాలు. ఆయుష్షు పెరుగుతుంది. ఆయనకే కాదు, ఆయన కోసం తిరిగేవాళ్ళకి కూడా. ఇదెక్కడి విడ్డూరం అంటారా? అయితే రామభద్రరావు సంగతి వినండి.

యానం నుంచి పుదుచ్చేరి వచ్చిన ఈ రామభద్రరావు ఒక సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కు. అది ఏ ఆఫీసో చెప్పడం బావుండదు. చెబితే ఆ ఒక్క ఆఫీసే సిగ్గుపడాలి, చెప్పకపోతే తలా కాస్తా పంచుకుంటారు. పాత రిజిస్టర్లలో పేర్లూ తేదీలూ తప్పు పడితే దిద్దించే విభాగం ఆయనది. అంతవరకూ తెలిస్తే చాలు.

మనిషి మంచివాడు. లంచం ముట్టడు. ఎవరినీ కసరడు. ఉన్నదల్లా ఒకటే లోపం. సీట్లో ఉండడు.

సీట్లో లేకపోవడం అంటే ఆషామాషీ వ్యవహారం అనుకుంటున్నారా? ఆఫీసుకి అసలు రానివాడు సోమరి. వచ్చీ కనబడనివాడు కళాకారుడు. రామభద్రరావు పదింటికి ఠంచనుగా వచ్చేవాడు. ఫ్యాను వేసేవాడు. ఒక ఫైలు తెరిచి, దాని మధ్య పెన్ను పెట్టి, పాత కళ్ళద్దాలు మడవకుండా ఆ పేజీ మీద ఆనించేవాడు. చూసినవాళ్ళకి ‘ఇప్పుడే ఇలా లేచి వెళ్ళాడు’ అనిపించేది. ఆ ‘ఇప్పుడే’ సాయంత్రం అయిదు దాకా సాగేది. ఆయన మాత్రం కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని ఫ్రెంచివాళ్ళు కట్టిన వైట్ టౌన్ వీధుల్లో, పసుపు గోడల నీడన, సైకిలు నడిపించుకుంటూ తిరిగేవాడు.

ఎందుకలా? బద్ధకం కాదు, భయం. యానంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. కాగితంలో తప్పేమీ లేదు. అయినా ‘ఏల పెట్టితివి’ అని పైనుంచి ఒక మెమో వచ్చింది. జవాబు రాశాడు. ఆ జవాబు మీద ఇంకో మెమో. రెండేళ్ళు అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. చివరికి తప్పు లేదని తేల్చారు గానీ, అప్పటికే ఆయనకి జ్ఞానోదయం అయిపోయింది. మెమో అనేది సంతకం పెట్టినవాడికే వస్తుంది. పెట్టనివాడికి వచ్చేది ప్రమోషన్. ఆ తరవాత ఇరవై రెండేళ్ళు ఆయనకి ఒక్క మెమో కూడా రాలేదు.

ఆ ఇరవై రెండేళ్ళలో చివరి మూడేళ్ళూ ఆయన వెంట పడింది ఆండాళమ్మ. మేట్టుపాళయంలో ఒక గోదాము ఊడ్చే మనిషి. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ ఆ భాషలో ఒక్క అక్షరం పోల్చుకోలేరు. ఆమె చేతిలో ఎప్పుడూ ఒక అర్జీ ఉండేది. మడతల దగ్గర చిరిగిపోతే మళ్ళీ కొత్తది రాయించేది. అలా నాలుగో అర్జీ నడుస్తోంది.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, ఒక బుధవారం పొద్దున. బీచి రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వస్తున్న రామభద్రరావుకి ఎదురుగా, దూరంగా, ఆండాళమ్మ కనిపించింది. కాగితం కూడా కనిపించింది. గబుక్కున సైకిలు వెనక్కి తిప్పి గట్టిగా తొక్కాడు. పది గజాలు పోయాడో లేదో గుండెలో ఎవరో తలుపు మూసినట్టయింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. సైకిలు ఒక వైపు, ఆయన ఒక వైపు.

ఆయన్ని లేవనెత్తి రిక్షాలో వేసింది ఆండాళమ్మే. రిక్షా కదిలే ముందు, ఎందుకైనా మంచిదని, తన అర్జీ నాలుగు మడతలు పెట్టి ఆయన చొక్కా జేబులో దోపింది.

మద్రాసు పెద్దాసుపత్రిలో డాక్టరు ఆయనకి అర్థమయ్యేలా చెప్పాడు. “మీ గుండెకి పై గదుల్లో కరెంటు పుడుతోంది. కింది గదులకి చేరడం లేదు. పైనుంచి ఆర్డరు వస్తోంది గానీ కిందివాళ్ళు అందుకోవడం లేదు.”

ఇన్నేళ్ళు సర్వీసున్న మనిషికి ఇంతకన్నా విడమరిచి చెప్పాలా?

అప్పట్లో గుండెకి కరెంటు అందించే పేస్‌మేకర్ పెడితే, రెండేళ్ళు తిరక్కుండానే దాని బ్యాటరీ అయిపోయేది. మళ్ళీ ఛాతీ కోసి కొత్తది పెట్టాలి. ఆ డాక్టరు విదేశం వెళ్ళి కొత్త రకం ఒకటి తెచ్చాడు. దీని బ్యాటరీని బయటినుంచే ఛార్జి చెయ్యొచ్చు. చర్మానికి చిల్లు పెట్టక్కర్లేదు, వైరు ఒంట్లోకి పోనక్కర్లేదు. సత్తు పళ్ళెమంత గుండ్రటి కాయిలు ఒకటి ఛాతీ మీద పెట్టి, భుజాల మీదుగా పట్టీలు బిగించి, దాని మెషీను గోడ ప్లగ్గుకి తగిలిస్తే, కరెంటు గాల్లోంచి లోపలికి దిగుతుంది. కాయిలు సరిగ్గా లోపలి డబ్బీకి ఎదురుగా ఉండాలి. కాస్త జరిగినా మెషీను కుయ్యిమని అరుస్తుంది. గొలుసూ గుండుపిన్నూ లాంటి లోహం ఏదీ మధ్యలో ఉండకూడదు, వేడెక్కుతుంది.

“గుండె కొట్టుకోవడం మాత్రం నిమిషానికి డెబ్బై రెండు. పరుగెత్తినా అంతే, పడుకున్నా అంతే” అన్నాడు డాక్టరు. “ఛార్జింగు వారానికోసారి, తొంభై నిమిషాలు. ఆ సేపు మీరు సీట్లోంచి లేవకూడదు.”

“తొంభై నిమిషాలూ ఒకే సీట్లోనా?” అన్నాడు రామభద్రరావు.

గుండె కోస్తామన్నప్పుడు కూడా ఆయన ముఖం అంతగా పాలిపోలేదట. ఈ మాట ఆయన భార్య నాగకుమారి తరవాత చాలామందికి చెప్పింది.

వైట్ టౌన్‌ని ఊరినుంచి విడదీసే కాలవకి ఇవతల వాళ్ళది అద్దె ఇల్లు. మెషీనుకి ఎర్తు ఉన్న త్రీపిన్ ప్లగ్గు తప్పదని డాక్టరు గట్టిగా చెప్పాడు కాబట్టి, రేడియోలు బాగుచేసే చంద్రన్‌ని పిలిపించారు. అతను ఇల్లంతా తిరిగి చూశాడు.

“లోపల యాడా ఎర్తు లేదు సార్” అన్నాడు. “గుంట తవ్వి బొగ్గూ ఉప్పూ వెయ్యాల. మీ ఇంట్లో మట్టి ఉండేది ఒకే చోట. వీధి తిన్నె పక్కన.”

“పడగ్గదిలోకి వైరు లాగలేవా?”

“లాగొచ్చు. అంత దూరం లాగితే సరిగా పని చేస్తాదని నేను మాటియ్యలేను. ఇది రేడియో కాదు కదా సార్, పాట ఆగిపోతే తట్టి చూసేదానికి.”

అలా ప్లగ్గు వీధి అరుగు మీదికి వచ్చింది. మామూలు రోజుల్లో వోల్టేజి నిలకడగా ఉండదు. ఆదివారం ఫ్యాక్టరీలకి సెలవు కాబట్టి కాస్త నయం. అలా ముహూర్తం ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కుదిరింది. గమనించారా? ప్రజాసేవ కోసం ఎవరూ ఏమీ చెయ్యలేదు. అంతా కరెంటు భద్రత కోసమే.

మొదటి ఆదివారం రామభద్రరావు పడక్కుర్చీలో కూర్చుని, ఛాతీకి కాయిలు కట్టుకుని, పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పావుగంట గడిచింది. పేపరు కింద నుంచి రెండు పాదాలు కనిపించాయి. పేపరు దించాడు. ఆండాళమ్మ.

ఆయన లేచాడు. మెషీను కుయ్యిమంది.

“కూర్చోండి” అంది నాగకుమారి లోపల్నుంచి. “డాక్టరుగారు ఏం చెప్పారు?”

ఆయన కూర్చున్నాడు. మెషీను ఊరుకుంది. ఆండాళమ్మ మెట్టు మీద చతికిలబడింది.

“ఒళ్ళు ఎట్లుండాది సార్?”

“బానే ఉందమ్మా. ఆఫీసు పనులు ఇంటి దగ్గర చూడకూడదు. రేపు ఆఫీసుకి రండి.”

“ఆఫీసుకి మూడేండ్లుగా వస్తానే ఉండాను సార్. ఆడ మీ కండ్లద్దాలుంటాయి. వాటికి దండం పెట్టేసి పోతా ఉండాను.”

లోపల నాగకుమారి నవ్వు ఆపుకోవడం వినిపించింది. ఆమె బయటికి వచ్చి నాలుగు మడతల కాగితం భర్త ఒళ్ళో పెట్టింది. “ఆవేళ మీ జేబులో దొరికింది. పెన్నూ రుమాలుతో పాటు నర్సు నాకిచ్చింది. చదివాను. మీరూ చదవండి.”

“చదివేది ఎందుకమ్మా, నేనే చెప్తాను” అంది ఆండాళమ్మ. “నా బిడ్డ పుట్టినప్పుడు ఈడ అంతా ఫ్రెంచిలోనే రాస్తా ఉన్నారు. బిడ్డ పేరేంది అన్నారు. మా ఆయన వెంకన్న, చిన్నమ్మాయి అని చెప్పినాడు. రాసుకునే అయ్యకి తెలుగు రాదు. మా ఆయనకి ఫ్రెంచి రాదు. ఫ్రెంచిలో మొగబిడ్డ పుట్టినాడని రాసేదానికీ ఆడబిడ్డ పుట్టిందని రాసేదానికీ ఒక్క అక్షరమే వ్యత్యాసమంట సార్. ఆ అక్షరం పెట్టలేదు. నా బిడ్డ మొగోడైపోయింది.”

“ఒక్క అక్షరమా?”

“ఒక్కటే. చెవికి వింటే రెండూ ఒకటేనంట. ఇస్కూలు అయ్యవారు చెప్పినాడు. రేషను కార్డులో కొడుకు. ఇస్కూల్లో ఏటా తగాదా. పోయినేడు పట్టాళానికి మనుషుల్ని ఎంచే సారొకాయన వచ్చి, మీ అబ్బాయి యాడ అన్నాడు. జడేసుకుంటా ఉంది, కూసోండి అన్నాను.”

రామభద్రరావుకి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. కాయిలు జరుగుతుందని.

“నవ్వండి సార్, అందరూ నవ్వుతారు” అంది ఆండాళమ్మ. “ఇబుడు అది నర్సు చదువుకి రాయాలంటాది. ఆడబిడ్డల్నే తీసుకుంటారంట. వచ్చే నెల పన్నెండో తేదీతో సరి. ఆ తేదీ దాటితే దానికి వయసు మీరిపోతాది. ఇంగ నాతో గోదాము ఊడ్చేదానికి రావాల్సిందే.”

ఆయన మూడేళ్ళుగా ఆ మనిషిని దూరం నుంచే చూశాడు. ఆమె చేతిలో కాగితం చూశాడు, ఆమె నడకలో వేగం చూశాడు. ఆమె ఏం అడుగుతోందో వినడం అదే మొదటిసారి. అర్జీ జేబులో పెట్టుకుని, “చూస్తాను” అన్నాడు.

సర్కారు భాషలో ‘చూస్తాను’ అంటే కళ్ళు మూసుకుంటాను అని అర్థం. అది ఆండాళమ్మకీ తెలుసు. అయినా ఆమె చేసిన పని ఒకటుంది. వెళ్తూ వెళ్తూ వీధి చివరి ఇంటి కమలమ్మాళ్‌తో, “హెడ్ క్లర్కు ఈడుండాడు, లేవలేడు” అంది.

ఆ తరవాతి ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. ఆ పై ఆదివారం ఇరవై ముగ్గురు. పిళ్ళైచావడి నుంచి చిన్నదురై అనే చేపల మనిషి, తండ్రి చనిపోయిన తేదీ తన పుట్టిన తేదీ కంటే పదేళ్ళు ముందు పడిందని, తాను ఎలా పుట్టాడో తేల్చమని వచ్చాడు. పట్టమ్మాళ్ అనే ముసలావిడ తన వయసు రిజిస్టరు ప్రకారం ఆరేళ్ళనీ, మనవరాలి కంటే చిన్నదాన్నయ్యాననీ వాపోయింది. నాగకుమారి వరసలు పెట్టించింది. ముసలివాళ్ళు అరుగు మీద, మిగతావాళ్ళు మెట్ల మీద. మజ్జిగ కుండ ఒకటి బయట పెట్టింది. నాలుగో ఆదివారం ఆఫీసు ప్యూను రాజేంద్రన్ ఒక సంచీ నిండా ఫైళ్ళు వేసుకుని వచ్చాడు. ఆర్నెల్లయిందట అయ్యగారిని ఎదురుగా చూసి. “మీరు ఇట్ల ఉంటారా సార్” అన్నాడు ఆశ్చర్యంగా.

అందరికీ రామభద్రరావు ఒకటే మాట చెప్పేవాడు. “చూస్తాను.” వినేవాడు, తల ఊపేవాడు, సంతకం మాత్రం పెట్టేవాడు కాదు. కానీ వినడం అనేది చెడ్డ అలవాటు. ఒకసారి చెవిన పడ్డది బయటికి పోదు. సోమవారం వైట్ టౌన్‌లో సైకిలు నడిపిస్తుంటే చిన్నదురై ఎలా పుట్టాడా అని ఆలోచన వచ్చేది. అన్నం తింటుంటే పట్టమ్మాళ్ ఆరేళ్ళ వయసు గుర్తొచ్చేది. ఇది భరించలేక ఒకరోజు ఆయన చంద్రన్ కొట్టుకి వెళ్ళాడు.

“తొంభై నిమిషాలు మరీ ఎక్కువ చంద్రన్. ఫోర్సు పెంచి ఇరవైలో కానిచ్చే ఉపాయం ఏమైనా ఉందా?”

చంద్రన్ బల్ల కింద నుంచి ఒక పాత కాయిలు తీశాడు. కరెంటిచ్చి, దాని మీద టిఫిన్ డబ్బా మూత పెట్టాడు. కాసేపాగి, “ముట్టుకోండి” అన్నాడు. రామభద్రరావు వేలు పెట్టి చటుక్కున తీసేశాడు.

“దీనికి ఓపిక లేదు సార్. ఎంతిస్తే అంత మింగి కాలిపోతాది. మీకిచ్చినది బుద్ధిగలది. కొంచెం కొంచెంగా, చర్మం కాలకుండా, లోపలి బ్యాటరీ ఉబ్బకుండా ఇస్తాది. తొంభై నిమిషాలు పెట్టినోడు తెలివైనోడు.” చంద్రన్ మూత తీసి చల్లారబెట్టాడు. “అయినా ఆదివారం మీకు అంత తొందర పనేముండాది?”

రామభద్రరావు కాలిన వేలు ఊదుకుంటూ సైకిలెక్కాడు.

జూన్ పదకొండో తేదీ ఆదివారం పడింది. ఆవేళ ఆండాళమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో ఉన్న పిల్ల. వరసలో కూర్చుంది గానీ నోరు విప్పలేదు. రాజేంద్రన్ ఆ ఫైలు కూడా తెచ్చాడు. మూడేళ్ళ కిందటే ఎవరో గుమాస్తా అంతా సరిచూసి, ‘ఒక్క అక్షరం చేర్చవచ్చును’ అని రాసి పెట్టాడు. దాని కింద గీత ఉంది. గీత మీద ఏమీ లేదు.

“రేపే కడా దినం సార్” అంది ఆండాళమ్మ. చివరి రోజన్న మాట.

“ఇంకోసారి సరిచూసుకోవాలమ్మా” అన్నాడు ఆయన. ఫైలు మూసి రాజేంద్రన్ చేతికి ఇచ్చేశాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లోపల ఫ్యాను ఆగింది. మెషీను మీద ఎర్ర దీపం ఆరిపోయింది.

అరుగంతా గొల్లుమంది. “సారు పోయినాడే” అని కమలమ్మాళ్ శోకం ఎత్తుకుంది. పట్టమ్మాళ్ మారియమ్మకి పొంగలి మొక్కుకుంది. చిన్నదురై విసనకర్ర కోసం పరుగెత్తాడు. కరెంటుతో నడిచే మనిషి కరెంటు పోతే ఏమవుతాడు? వాళ్ళ లెక్కా న్యాయమైనదే కదా.

రామభద్రరావుకి మాత్రం ఇంకొకటి తట్టింది. మెషీను ఆగిపోయింది. ఇప్పుడు లేచినా అరవదు. పట్టీలు విప్పి, కాయిలు కుర్చీలో పెట్టి లేచాడు. గడప దాకా వచ్చాడు. ఇంకొక్క అడుగు వేస్తే లోపల. తలుపు వేసుకుంటే సోమవారం దానంతట అదే వస్తుంది, దానంతట అదే పోతుంది.

వెనకనుంచి ఎవరో ఆయన మణికట్టు పట్టుకున్నారు.

“కూసోండి సార్” అంది చిన్నమ్మాయి.

ఆయన కూర్చున్నాడు. ఆ పిల్ల ఆయన చేతి గడియారమే చూస్తూ, పెదాలు కదుపుతూ నాడి లెక్కపెట్టింది. సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగింది.

“డెబ్బై రెండు” అంది. “ఏడవద్దండి అక్కా. కరెంటుకీ సారుకీ సంబంధం లేదు. బ్యాటరీ లోపల ఉండాది, అది నడుస్తానే ఉంటాది. ఇది నింపుకునేదానికి మాత్రమే.” ఆయన చెయ్యి జాగ్రత్తగా వదిలింది. “మీకేం కాలేదు సార్. పోవాలంటే లోపలికి పోండి.”

ఫైలు మాట ఎత్తలేదు. వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది.

రామభద్రరావు లోపలికి వెళ్ళలేదు. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు. తరవాత, “రాజేంద్రన్, ఆ ఫైలు ఇటివ్వు” అన్నాడు.

పెన్ను మూత తీశాడు. భయం వచ్చింది. యానం, మెమో, ‘ఏల పెట్టితివి’, అన్నీ వరసగా వచ్చాయి. నోరు ఎండిపోయింది. ఇక గుండె దడదడలాడాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ దడ మొదలవగానే ఆయన సీట్లోంచి లేచిపోయేవాడు. అదే ఆయన్ని లేవదీసి, సైకిలెక్కించి, బీచి రోడ్డు మీద తిప్పేది. ఆయన ఎదురుచూశాడు. గుండె తాపీగా కొట్టుకుంటోంది. డెబ్బై రెండు. పారిపోవడానికి గుండె సాయం కావాలి. ఆ సాయం అందలేదు.

సంతకం పెట్టాడు.

ఇంతేనా అనిపించింది ఆయనకి. ఇంకో ఫైలు అడిగాడు. కరెంటు ఇరవై నిమిషాల తరవాత వచ్చింది. నాగకుమారి మళ్ళీ పట్టీలు బిగించింది. ఛార్జింగు పూర్తయ్యేసరికి చిన్నదురై న్యాయంగా పుట్టాడు, పట్టమ్మాళ్ అరవై ఎనిమిదేళ్ళకి ఎదిగింది, మొత్తం పన్నెండు కాగితాలు తేలాయి. ఆండాళమ్మ అందరికన్నా ముందే వెళ్ళిపోయింది. దండం పెట్టడానికి కూడా ఆగలేదు. సంతకమైన ఆ కాగితం ఎవరైనా వెనక్కి అడుగుతారేమోనని ఆమె భయం.

సర్కారు ఊరుకుంటుందా? ఇరవై రెండేళ్ళు ఆఫీసులో పని చెయ్యకపోతే అడగని సర్కారు, ఆదివారం ఇంటి దగ్గర పని చేసినందుకు పది రోజుల్లో మెమో పంపింది. సెలవు దినమున, అనుమతి లేకుండా, అరుగు మీద విధులు ఏల నిర్వహించితివి?

రామభద్రరావు దాన్ని రెండుసార్లు చదివి, మజ్జిగ తాగి, తన చేత్తోనే జవాబు రాశాడు. “డాక్టరుగారి ఆదేశానుసారము కూర్చుని యుంటిని. కూర్చుని యుండగా పని తగిలినది. చేసితిని.” కింద సంతకం.

ఆయన పై ఆఫీసరు కేశవన్ ఈ జవాబు పట్టుకుని రూల్సు పుస్తకాలన్నీ తిరగేశాడట. కూర్చోకూడదని ఎక్కడా లేదు. ఫైలు మూసేశాడు. రెండు వారాల తరవాత ఒక ఆదివారం ఆయనే వచ్చి, అత్తగారి పేరు తప్పు పడిందని వరసలో చిట్టచివర నిలబడ్డాడు. నాగకుమారి ఆయనకీ మజ్జిగ ఇచ్చింది గానీ ముందుకి మాత్రం పంపలేదు.

ఇలా అయిదేళ్ళు సాగింది. ఊళ్ళో ఏ వీధిలో అడిగినా, ‘ఆదివారం క్లర్కు’ ఇల్లు చూపించేవారు. చిన్నమ్మాయి నర్సు చదువు ముగించి, తెల్లచీర కట్టి, ఒక ఆదివారం మళ్ళీ వచ్చి నాడి చూసింది. అంతే ఉంది.

ఎనభై మూడులో మద్రాసు డాక్టరు, పాత బ్యాటరీ అలిసిపోయిందని చెప్పి, లిథియం బ్యాటరీ ఉన్న కొత్త పేస్‌మేకర్ పెట్టాడు. ఎనిమిదేళ్ళు నడుస్తుంది, ఛార్జింగు మాటే లేదు. కాయిలు అక్కర్లేదు, పట్టీలు అక్కర్లేదు. ప్లగ్గుతో పని లేదు.

ఊరంతా బెంగపెట్టుకుంది. వైద్యశాస్త్రం ఇంత ముందుకి పోతే పరిపాలన ఏమైపోవాలి? ఒక మంచి హెడ్ క్లర్కుని ఇలా వైరు తెంపి వదిలేస్తారా? రామభద్రరావే అందరికీ ధైర్యం చెప్పాడు. “అరుగు ఎక్కడికీ పోదు. ఆదివారం మామూలుగానే రండి” అన్నాడు.

నాగకుమారి ఒప్పుకోలేదు.

“అయిదేళ్ళయిందండీ, నాకు ఆదివారం అనేది లేక” అంది ఆ రాత్రి భోజనాల దగ్గర. “ఛార్జింగు అంటే ప్రాణం సంగతి కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడేం అడ్డం? ఆదివారం సినిమాకి తీసుకెళ్ళండి. ఆఫీసు పని ఆఫీసులో చేసుకోండి. మీకక్కడ కుర్చీ ఉందంటారు కదా.”

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ ఉపాయం ఎవరికీ తట్టలేదు.

సోమవారం పొద్దున పదింటికి రామభద్రరావు ఆఫీసుకి వెళ్ళాడు. ఫ్యాను వేశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుర్చీ కొత్తదానిలాగే ఉంది. మొదటి ఫైలు తీసి చదవడం మొదలుపెట్టాడు.

పదీ పదికి బల్లలు తుడవడానికి వచ్చిన రాజేంద్రన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. గుడ్డ కింద పడేసి పరుగెత్తి సోడా తెచ్చాడు. పక్క విభాగం నుంచి ఇద్దరు వచ్చి ఒకరు పేపరుతో విసిరారు, ఒకరు చొక్కా గుండీ విప్పారు. ఎవరో రిక్షా పిలవడానికి వెళ్ళారు.

“నాకేం కాలేదయ్యా, పని చేసుకుంటున్నాను” అన్నాడు రామభద్రరావు.

అది విని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంతలో కేశవన్ గారే స్వయంగా వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, చాలా ఆప్యాయంగా అన్నాడు.

“ఒంట్లో బాగాలేకపోతే కబురు పెట్టాలి గానీ రామభద్రరావుగారూ, ఇలా వచ్చి సీట్లో కూర్చుంటారా?”